నవలలో నేను చంపిన మారెక్కను చూడటానికి వజ్రకరూరు వెళ్లాను

నా నవల రెండో ముద్రణకు సిద్ధమవుతుండగా వజ్రకరూరు దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. "నన్నేటికి సంపినావు? ఈడికొచ్చి చెప్పు" అంది మారెక్క. నాలుగేళ్ల కిందట ఆమె ఇంట్లో రెండు రోజులుండి, విన్న సంగతులతోనే ఆ నవల రాశాను. పేరు మార్చాను గానీ ఎండిపోయిన మూడు బోర్లు, వదిలేసి పోయిన మొగుడు అన్నీ ఆమెవే. చివర్లో చావు మాత్రం నా కల్పన.

అనంతపురం బస్టాండులో ఉదయం ఆరున్నరకు ఉరవకొండ బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు ఎనభై రూపాయలు. అక్కడి నుంచి షేర్ ఆటోకు నలభై. తొలకరి పడిన వారం కావడంతో దారి పొడుగునా చేలల్లో జనం వంగి రాళ్లు వెతుకుతున్నారు. "నువ్వూ వజ్రాలకేనా అక్కా?" అన్నాడు డ్రైవరు. "కాదన్నా, తిట్లు తినడానికి" అన్నాను. "దానికి ఇంత దూరం రావల్నా?" అని నవ్వాడు.

మారెక్క కొర్ర విత్తిన చేని గట్టు మీద ఉంది. ముందు జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది.

"నా కోడలు బుక్కంతా సదివి ఇనిపించింది. బోరు ఎండితే నేను సస్తానా? గొర్రెల్ని మేపుతాండా. బతికే ఉండా."

"చదివేవాళ్లకు బాధ తెలియాలని అలా రాశానక్కా."

"వాళ్ల ఏడుపుకు నా పానం గావల్నా?"

గొర్రెలు కొన్న సంగతి ఆమె నాలుగేళ్ల కిందటే చెప్పింది. ముగింపు పలచబడుతుందని నేనే వదిలేశాను.

గట్టు మీద నుంచే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. "ఆ చావు వల్లే పుస్తకం అమ్ముడుపోయిందండీ, మార్చడం కుదరదు" అన్నాడాయన. "అయితే రెండో ముద్రణే వద్దు" అని పెట్టేశాను. మారెక్క అంతా వింటూనే ఉంది. "ఈతూరి పేరు మార్చాకు. మారెక్క అనే రాయి" అంది.

ముద్రణ ఆగిపోయింది. నేను మాత్రం ఆఖరి అధ్యాయం తిరగరాస్తున్నాను, అచ్చువేసేవాళ్లు దొరికినా దొరక్కపోయినా. నిజం నుంచి కథ తీసుకునే హక్కు నాకుందని ఇప్పటికీ అంటాను. కానీ కరువు సీమ మనిషి కాబట్టి చావాల్సిందేనన్న ముగింపును ఇక రాయను, ఎవరు అడిగినా సరే.

మీరూ ఒకరి బతుకు రాయడానికి ఇటు వస్తుంటే మొదటి బస్సుకే బయల్దేరండి. సాయంత్రం అయిదు దాటితే తిరుగు ఆటోలు దొరకవు, చెప్పేవాళ్లను చివరిదాకా వినాలంటే రోజంతా కావాలి.