కారు తలుపులకు దూది కుక్కిన పెళ్లికొడుకు

ఇది చదివి మీరు నవ్వుతారు. నవ్వండి. ఎమ్మిగనూరులో ఒక వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది, ఇప్పుడు కొత్తగా పోయే పరువు నా దగ్గర లేదు. నా నిశ్చితార్థం రోజున నేనూ, మా అమ్మా, మా మేనత్తా పెళ్లికూతురి ఇంటిముందు కారు దిగిన తీరు మాత్రం పగవాడికి కూడా రాకూడదు.

మాది ఆదోనిలో పత్తి వ్యాపారం. మా తాత కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ మా గోడౌన్ పక్కన షెడ్డులో ఉంది. నాకు ఆ కారంటే పిచ్చి. రోజూ తుడిచేవాణ్ణి, దాంతో మాట్లాడేవాణ్ణి, ఆదివారాలు దిష్టి కూడా తీసేవాణ్ణి. దానికి ఉన్నది ఒకటే జబ్బు. తలుపుల చుట్టూ ఉండే రబ్బర్లు ఎండిపోయి, ముక్కలు ముక్కలుగా ఊడిపోయాయి.

వాణితో సంబంధం కుదురుతున్న రోజులవి. వాళ్ల నాన్నకు ఎమ్మిగనూరులో చీరల కొట్టు. ఆయన మా ఇల్లు చూడటానికి వస్తానంటే, నేనే తీసుకొస్తానని హుషారుగా కారు వేసుకుని పోయాను. తెల్ల పంచె, తెల్ల చొక్కాతో ఎక్కిన మనిషి ఆదోనిలో దిగేసరికి నల్లరేగడి చేను దున్ని వచ్చినట్టు ఉన్నాడు.

"ఏమప్పా, ఇది కారా, జల్లెడా?" అన్నాడు కండువా దులుపుకుంటూ.

"రబ్బర్లు పోయినాయి మామా. మారుస్తా."

"మార్సు. మా పాపకు దుమ్ము పడదు. గోనెగండ్ల సంబంధమోళ్లు ఇంగా ఫోన్లు సేస్తానే ఉండారు. వాళ్లది కొత్త కారంట."

వాణి అంటే నాకు అప్పటికే ప్రాణం. చూపుల రోజున కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "మీ మీసానికి సున్నం అంటింది" అని మెల్లగా చెప్పి కాపాడిన పిల్ల. ఆ పిల్లను రబ్బరు ముక్కల కోసం పోగొట్టుకుంటానా?

వెంటనే ఆన్‌లైన్‌లో రబ్బర్లు తెప్పించాను. అవి ఆలస్యమై, నిశ్చితార్థానికి ముందురోజు వచ్చాయి. టైర్లకు పంక్చర్లు వేసే నా స్నేహితుడు రఫీని పిలిచి ఇద్దరం కూర్చున్నాం. రబ్బరు పెట్టి చూస్తే సన్నగా ఉంది. తలుపుకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు.

"వేరే కారుది పంపినారు భాయ్. వాపస్ పంపు," అన్నాడు రఫీ.

"రేపే నిశ్చితార్థం రా! ఆగు, సందే గదా, పూడ్సేద్దాం."

"దేంతో?"

ఈ ప్రశ్న పత్తి వ్యాపారుల ఇంట్లో ఎవరూ అడగరు. పరుపులో దూది, దిండులో దూది, తలనొప్పొస్తే చెవిలో దూది. ఎక్కడ సందు కనిపించినా మా చెయ్యి దూది మీదికే పోతుంది. గోడౌన్‌లోంచి ఒక గంపెడు తెచ్చాను. రఫీ అంగడిలోని, పంక్చర్లు అతికించే సొల్యూషన్‌లో దాన్ని ముంచి, రబ్బర్ల వెనకా, రబ్బర్ల మీదా కుక్కాం. ఊపు వచ్చి కిటికీ అద్దాలు జారే గాడుల్లో కూడా కుక్కాం. కుక్కేకొద్దీ ఆనందం! "దుమ్ము కాదు, దయ్యం కూడా దూరదు," అన్నాడు రఫీ. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. అతుక్కుపోతే కిరోసిన్ పోసి విడదీసుకున్నాం. అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు చూడండి.

పొద్దున్నే తాంబూలం పళ్లేలతో అమ్మ ముందు సీట్లో, అత్త వెనక సీట్లో కూర్చున్నారు. తలుపులు పడలేదు. నేనూ రఫీ వీపులు ఆనించి, పత్తి బేలు నొక్కినట్టు ఒక్కొక్క తలుపూ నొక్కితే అప్పుడు పడ్డాయి. నేనెక్కాక నా తలుపు బయటినుంచి రఫీ ఒక్కడే నొక్కాడు.

దారి పొడుగునా రవ్వంత దుమ్ము రాలేదు! నాకు కారుతో సహా గాల్లో తేలుతున్నట్టు ఉంది.

"రేయ్ సీనూ, ఉడికిపోతాండాను. అద్దం దిగల్యా," అంది అత్త.

"ఓర్సుకో అత్తా. దుమ్ము లేదు గదా!"

"దుమ్ము లేదు, గాలీ లేదు," అంటూ అత్త అద్దం తిప్పే పిడిని గట్టిగా తిప్పింది. అది ఊడి ఆమె చేతికొచ్చింది.

ఎమ్మిగనూరులో ఇంటిముందు హారతి పళ్లెంతో ముత్తైదువలు, చేతులు జోడించి మామ, తలుపు చాటున వాణి. నేను ఠీవిగా కారు ఆపి తలుపు నెట్టాను. రాలేదు. భుజంతో నెట్టాను. రాలేదు. ఎండకు ఆ సొల్యూషన్ ఎండి, దూది రాయిలా బిగుసుకుపోయింది. బయటినుంచి మామ ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినబడదు. గత్యంతరం లేక ఫోన్ చేశాను.

మామ ఫోన్ తీసి, అలవాటు కొద్దీ, "యాడుండావప్పా?" అన్నాడు.

"మీ ఎదురుగానే ఉండాను మామా. తలుపు రాల్యా."

"ఏంటికి రాదు?"

"రబ్బర్లు మార్చినా మామా."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "రాహుకాలం వస్తాంది. ఆ లోపల తాంబూలాలు మారకుంటే నేనేం సెయ్యలేను," అన్నాడు. పక్కన ఎవరో పెద్దాయన గోనెగండ్ల వైపు చెయ్యి చూపిస్తున్నాడు. బయట నలుగురు పట్టి లాగితే పిడి ఊడింది గానీ తలుపు ఊడలేదు.

"అయిపాయె! నా పెండ్లి అయిపాయె!" అని ఏడుపు గొంతుతో ముందు అద్దాన్ని రెండు చేతులతో బాదాను.

ఒక సంగతి మీకు ముందే చెప్పాల్సింది. రాత్రి ఆ ఊపులో ముందు అద్దం రబ్బరు కూడా మార్చాం గానీ, దాని దగ్గరికొచ్చేసరికి మా సొల్యూషన్ అయిపోయింది, ఉత్త రబ్బరు తొడిగి వదిలేశాం. తెరుచుకోవాల్సినవేవీ తెరుచుకోలేదు గానీ, ఎప్పటికీ కదలకూడని ఆ అద్దం మాత్రం రబ్బరుతో సహా ఊడి, బానెట్ మీదినుంచి జర్రున జారింది. పట్టుచీర కట్టుకున్న వాణి పరిగెత్తుకొచ్చి, కింద పడకుండా రెండు చేతులా పట్టుకుంది!

ఇంకేముంది, ఆ బొక్కలోంచే మగపెళ్లివారి రాక. ముందు పళ్లేలు, తర్వాత అమ్మ, తర్వాత దారి పొడుగునా నన్ను తిడుతూ సీట్ల మీదుగా పాకి వచ్చిన అత్త, చివర్లో నేను. ముత్తైదువలు ఇంక ఆగలేక, బానెట్ మీద కూర్చోబెట్టే నాకు హారతి ఇచ్చేశారు.

వీధి నవ్వుతోంది. మామ నవ్వలేదు. "పాపా, ఏమంటావు?" అన్నాడు వాణి వైపు తిరిగి.

వాణి నన్నూ, కారునూ ఎగాదిగా చూసి, "దుమ్ము మాత్రం రాల్యా గదా నాయనా," అంది. ఆ క్షణాన ఆ పిల్ల కాళ్లకు మొక్కినా తప్పులేదనిపించింది.

రాహుకాలం లోపలే తాంబూలాలు మారాయి. భోజనాల దగ్గర మామ నా విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేయించి, అందరూ వినేట్టు చెప్పాడు: "పిల్లనిస్తానప్పా, మాట తప్పను. అయితే కాపురానికి మాత్రం బస్సులో పంపుతా. దాని తలుపు ఎప్పుడూ మూసుకోదు."

నిన్న వాణి కుక్కర్ తెచ్చి నా ముందు పెట్టి, రబ్బరు వదులైంది, కొత్తది వెయ్యమంది. నేను లేచి నిలబడి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, మా ఇలవేల్పు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో రబ్బరనేది నా చేత్తో దేనికీ తొడగను, అన్నం గిన్నెలోనే వండుకుందాం.