పెదన నుంచి పటమటకి, హాసిని చెవుల పరీక్షకి

మొన్న వానల్లో మా మగ్గాల గుంటల్లోకి నీళ్లు ఊరి, నాలుగు రోజులు నేత ఆగిపోయింది. ఈ ప్రయాణం ఆ నాలుగు రోజుల్లోనే మొదలైంది.

మాది పెదనలో నేత ఇల్లు. ముందుగదిలో రెండు మగ్గాలు. ఆ చప్పుడులో మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ వెనక నుంచి పిలవరు. ఎదురుగా వచ్చి, ముఖం చూసి మాట్లాడతారు. అన్నయ్య రెండు వేళ్లు చూపిస్తే వదిన నూలు చుట్టిన కండెలు అందిస్తుంది. వాళ్ల కూతురు హాసినికి ఎనిమిదేళ్లు. రెండేళ్ల క్రితం బళ్లో "పిలిస్తే పలకదు, పొగరు" అని రాసి పంపారు. పిల్ల ఏడ్చి ఏడ్చి బడి మానేసింది. అప్పటి నుంచి దాని చదువు నా దగ్గరే, మగ్గం పక్కన చాప మీద ఎదురెదురుగా కూర్చుని.

మగ్గాలు ఆగిన ఆ రోజుల్లో గడపలో కూర్చుని చదువుకుంటున్న దాన్ని వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. నా గొంతు చిన్నది కదా అనుకుని మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి గట్టిగానే పిలిచాను. పేజీ తిప్పుకుంది.

చాలా రోజులు డైరీలో రాసుకున్నానే గాని ఎవరికీ చెప్పలేదు. చెప్పాక అన్నయ్య కొట్టిపారేశాడు. దానికి అన్నీ వినపడతాయి, వినాలనుకుంటేనే వింటుందన్నాడు. చివరికి చెవుల పరీక్షకి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. పరీక్షలో బాగానే ఉందంటే, జూన్‌లో మళ్లీ ఆ పాత బడికే. నలుగురిలో పడితే మొండితనం అదే పోతుందని.

బందరు నుంచి వచ్చే పాసింజరు నేనూ హాసినీ ఆరున్నర ప్రాంతంలో ఎక్కాం. పొద్దున్నే వెళ్తే కిటికీ సీటు దొరుకుతుంది. ఇడ్లీలు డబ్బాలో పెట్టుకున్నాం. కౌతవరం దాటేసరికి తినేశాం. గుడివాడలో పూల బుట్టతో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. హాసినిని పేరు, ఊరు, ఏ బడి, అన్నీ అడిగింది. రైలు మోతలో కూడా ఇది ఒక్కటీ వదలకుండా జవాబు చెప్పింది.

"నీ మేనకోడలి చెవులు భలే చురుకమ్మా. ఈ మోతలో నాకే సగం వినపడట్లేదు," అందావిడ.

ఆస్పత్రికి వెళ్తున్నామని చెప్పడానికి నోరు రాలేదు. అన్నయ్య మాటే నిజమేమో, నేనే పిల్ల మీద లేని జబ్బు రాసుకున్నానేమో అనిపించింది. ఉప్పలూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదింటికి బెజవాడ. స్టేషన్ బయట ఆటోలు చాలా అడుగుతాయి. కాస్త నడిచి సిటీ బస్సెక్కితే పటమటలో దింపుతుంది. ఆస్పత్రిలో ముందు చెవుల డాక్టరుగారు చూసి, గులిమి తీసి, పరీక్షకి పంపారు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర.

పరీక్ష చేసే గది చిన్నది, బయటి చప్పుడేమీ రాదు. హాసిని లోపల చెవులకి హెడ్‌ఫోన్లతో, అద్దం ఇవతల మిషన్ దగ్గర ఒక అమ్మాయి, ఆమె వెనక నేను. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. హాసిని టకటకా ఎత్తేస్తోంది. ఆ అమ్మాయి నవ్వుతూ, "పాపకి బానే ఉందండీ, దాదాపు నార్మలే," అంది.

నేను హాసిని కళ్లు చూస్తున్నాను. ఆ చూపు నాకు తెలుసు. మగ్గం దగ్గర వాళ్ల నాన్న వేళ్లు లేవకముందే తనే కండె తీసి ఇచ్చే చూపది. మీట నొక్కే ముందు ఆ అమ్మాయి భుజం కొద్దిగా కిందికి వంగుతోంది. నొక్కాక తలెత్తి చూస్తోంది. ఆ రెండిటి మధ్యా హాసిని చెయ్యి లేస్తోంది.

నేను కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేని మనిషిని. ఆ అమ్మాయి కాగితం మీద గీత గీయబోతోంది.

"మేడమ్, పాప కుర్చీ ఒకసారి అటు తిప్పుతారా? అది విని కాదండీ, మిమ్మల్ని చూసి ఎత్తుతోంది. మాది మగ్గాల ఇల్లండీ."

ఆమె నా వైపు చూసింది. తర్వాత తన భుజం వైపు చూసుకుంది. "అయ్యో, తిప్పాల్సింది నేనేనండీ," అంటూ లేచింది.

ఈసారి హాసిని వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ అమ్మాయి మీట నొక్కుతోంది, శబ్దం పెంచుతోంది, మళ్లీ నొక్కుతోంది. చెయ్యి ఒళ్లోనే ఉంది. ఎంతసేపటికో లేచింది.

రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువుందని, మందులతో తగ్గేది కాదని, చెవులకి మిషన్లు పెడితే వినపడుతుందని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పబట్టే పెదాల కదలిక చూసి చదువు నేర్చుకుందన్నారు. మాకు తెలియకపోవడానికీ అదే కారణమన్నారు. నేను తలాడించాను గాని, రెండేళ్లూ దాని ముందే కూర్చున్నానన్న మాట లోపల గుచ్చుకుంది.

మిషన్ ఒకటి పెట్టి చూశారు. నన్ను నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఏదైనా చదవమన్నారు. బెంచీల మీద అయిదారుగురు మా వైపే చూస్తున్నారు. సంచిలోంచి దాని తెలుగు వాచకం తీసి చదివాను. హాసిని అట్ట పక్కకి తొలగించి నా ముఖం చూసింది.

"అత్తా, నువ్వు ఇంత మెల్లగా మాట్లాడతావా?"

బెంచీల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పక్క సందులో భోజనం చేశాం. పిల్లకి పెరుగన్నం విడిగా అడిగితే ఇస్తారు. అక్కడి నుంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. నేను చెబుతుండగానే అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది. "అయితే పొగరు కాదన్నమాట," అన్నాడు. పాత బడి ఊసు ఎత్తలేదు.

మీలో ఎవరైనా పిల్లల్ని ఈ పరీక్షకి తీసుకెళ్తే, కుర్చీ ఎటు వేశారో చూడండి. ఒక పూటలో అయిపోయే పనే. అడగడానికే నాకు అన్ని రోజులు పట్టింది.

సాయంత్రం పాసింజరులో ఎదురెదురుగా కూర్చున్నాం. మిషన్లు పది రోజుల్లో వస్తాయని చెప్పాను. నిడమానూరు దాటాక హాసిని అడిగింది, అవి పెట్టుకుంటే మగ్గం చప్పుడు కూడా పెద్దగా వినపడుతుందా అని. వినపడుతుందన్నాను.

"అయితే మగ్గం దగ్గర తీసేస్తా. అక్కడ నాకు అవసరం లేదుగా."