పెండిల్ హిల్ వంటింట్లో ఏథెన్సు న్యాయస్థానం

ముందుగా ప్రమాణం. ఈ కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమైనా ఈ జన్మలో నాకు మళ్ళీ ఆవకాయ దక్కకుండా పోవాలి. కథలల్లేవాడినని నాకున్న పేరు తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. నవ్వనీయండి.

మొన్న ఆదివారం పొద్దున్న వెస్ట్‌మీడ్‌లోని మా ఫ్లాటంతా పులిసిన ఇడ్లీపిండి వాసన. ఈ సిడ్నీ చలికి పిండి బయట పెడితే పొంగదు. అందుకని మా ఆవిడ గిన్నెని ఓవెన్‌లో పెట్టి, వేడి జోలికి పోకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచుతుంది. "నాన్నా, ఇట్ స్టింక్స్!" అంటూ మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఆ ఓవెను ముందు చాలాసేపు నిలబడిపోయాను. మా పురుషోత్తం మాస్టారి వంటిల్లు అచ్చం ఇదే వాసన వేసేది.

మాస్టారు మా ఊళ్ళవైపు ఒక లా కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు రోమను న్యాయశాస్త్రం చెప్పిన మనిషి. రిటైరయ్యాక, ఇక్కడికి దగ్గర్లోనే పెండిల్ హిల్‌లో మేనల్లుడు ప్రసాదు పెట్టిన టిఫిన్ సెంటరుకి వచ్చి, ఊరికే కూర్చోలేక వంటింటి పెత్తనం తీసుకున్నారు. అప్పుడే యూనివర్సిటీలో చేరిన నేను అక్కడ సాయంత్రాలు పిండి రుబ్బేవాణ్ణి. ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళ నీళ్ళు కారేవి. అవి ఉల్లిపాయలవో, ఆయన చెప్పే రోమువో నాకు తెలిసేది కాదు. మొదట్లో అక్కడ చట్టం పెద్దింటివాళ్ళ నోళ్ళలోనే ఉండేదిట. సామాన్యులు గొడవ చేస్తే పన్నెండు పలకల మీద రాయించి నడిబజారులో నిలబెట్టారట. "చట్టం కళ్ళకి కనబడాలిరా. కనబడని చట్టమంటే దొరగారి చిరాకే," అనేవారు సాంబారు కలుపుతూ. ఫ్రిజ్ తలుపు మీద మా వంటింటికీ పన్నెండు కాగితాలు అంటించారు. ఆరోది ఇది: ఓవెన్‌లో పిండి పొంగబెట్టినవాడు దాని మీటకి ఎర్రగుడ్డ కట్టాలి, గుడ్డ ఉండగా ఎవడూ ఓవెను వెలిగించకూడదు.

ఒకసారి నేనడిగాను. "మాస్టారూ, నాకు కోర్టులో మాట్లాడే విద్య నేర్పండి."

"నీకా? చేపకి ఈత నేర్పమంటావేంట్రా?" అని నవ్వి, ఆ తర్వాత గరిటె పక్కన పెట్టారు. "ఏథెన్సులో డబ్బు తీసుకుని ఆ విద్య నేర్పేవాళ్ళుండేవారు. బలహీనమైన వాదాన్ని బలమైనదిగా నిలబెట్టడం. తత్త్వవేత్తలు వాళ్ళంటే ఎందుకంత భయపడ్డారో తెలుసా? వాళ్ళు చేతకానివాళ్ళని కాదు. చేతనైనవాళ్ళని."

ఆ శీతాకాలంలోనే ఒక పెళ్ళికి పొద్దుటి టిఫిన్లు ఒప్పుకున్నాం. ముందురోజు పిండి రుబ్బి పెద్ద గిన్నెడు ఓవెన్‌లో పెట్టింది నేను. ఎర్రగుడ్డ కట్టడం మరిచిపోయిందీ నేనే. పొద్దున డ్యూటీ నర్సింగ్‌ది. కరీంనగర్ వైపు కుర్రాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. గుడ్డ కనబడలేదు కనక పఫ్‌ల కోసం ఓవెను వెలిగించాడు. మాడు వాసనకి తలుపు తీసి చూసి, మాస్టారిని పిలవడానికి పెరట్లోకి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే నేను లోపలికొచ్చాను. పిండి కాదది, సమాధిరాయి. చేతులు వాటంతటవే సొరుగులోంచి ఎర్రగుడ్డ తీసి మీటకి కట్టాయి.

ప్రసాదు గారు వచ్చి గుడ్డ చూశారు. "కళ్ళు కనిపించవా నీకు? ఇవాళే వెళ్ళిపో," అన్నారు నర్సింగ్‌తో.

"గుడ్డ లేకుండె అన్నా. ఒట్టు," అన్నాడు నర్సింగ్.

"ఆగు ప్రసాదూ," అన్నారు మాస్టారు. "ఇద్దరి మాటా సమానంగా వింటామని ఏథెన్సులో తీర్పరులు ఒట్టు వేసుకునేవాళ్ళు. నా వంటింట్లో విచారణ లేకుండా ఎవరూ గడప దాటరు."

"మామయ్యా, అవతల పెళ్ళివాళ్ళు..."

"వాళ్ళకి ఉప్మా పంపించు. ఇడ్లీ లేకపోయినా పెళ్ళి జరుగుతుంది."

ఆ మధ్యాహ్నం కొట్టు మూసి కోర్టు పెట్టారు. ఏథెన్సులో తీర్పరులు వందల్లో ఉండేవారట; మాకు దొరికింది పనివాళ్ళూ, రోజూ వచ్చే కస్టమర్లూ కలిపి ఏడుగురు. వాళ్ళనీ చీటీలు తీసే ఎంచారు. వకీళ్ళు లేరు, ఎవరి మాట వాళ్ళదే. గడియారానికి బదులు అడుగున చిల్లి పెట్టిన పెరుగు డబ్బా. అందులో పోసిన నీళ్ళు కారిపోయేదాకా మాట్లాడచ్చు. ఇద్దరికీ చెరి రెండు విడతలు. ఏథెన్సులో తీర్పరి చేతికి రెండు కంచుబిళ్ళలు ఇచ్చేవారట: నడిమి కడ్డీ బోలుగా ఉన్నది వేస్తే నేరస్థుడని, గట్టిది వేస్తే కాదని. మాస్టారు ఒక్కొక్కరికీ ఒక గారె, ఒక బోండా ఇచ్చారు. "చిల్లున్నది ఈ కుండలో వేస్తే నర్సింగ్ తప్పు. ఏది వేశారో పక్కవాడికి తెలియకూడదు. మిగిలింది తినేయండి, సాక్ష్యం ఉండదు."

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ గారెల వంకే చూస్తున్నాను. ఎన్ని వందల ఏళ్ళ కిందటి మనుషులో, ఒక మామూలువాడి మాట వినడానికి ఇంత తంటాలు పడ్డారు. ఈయన దాన్ని మోసుకొచ్చి, సముద్రాలకి ఇవతల, ఇద్దరు కూలి కుర్రాళ్ళ కోసం పరిచారు.

గుడ్డ ముందురోజే కట్టానన్నది నేను కనక ఆరోపణ నాది, మొదటి విడతా నాదే. డబ్బా ఖాళీ అయ్యేదాకా దంచేశాను. తర్వాత నర్సింగ్ లేచాడు. "నేను జూసిన. గుడ్డ లేకుండె. గంతే." అంతే, ఆగిపోయాడు. కూర్చోలేదు. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆ చప్పుడంతసేపూ అందరం అతని మొహమే చూస్తూ ఉండిపోయాం.

నా రెండో విడత వచ్చింది. లేచి, నీళ్ళు సగమైనా కారకముందే, "గుడ్డ కట్టింది నేను. మాడాక కట్టాను," అన్నాను. కుండలో ఏడు బోండాలు పడ్డాయి. నర్సింగ్ నన్ను కావలించుకున్నాడు. మాస్టారు నా తల మీద చెయ్యి వేశారు.

ఇక ఒప్పుకోవాలి. మాస్టారు, గారెలు, డబ్బా, నర్సింగ్ నిలబడ్డ ఆ నిశ్శబ్దం అన్నీ నిజం. నా రెండో విడత మాత్రం కల్పన. నిజానికి ఆఖరి చుక్కదాకా మాట్లాడాను. నా జన్మలో అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు. మధ్యలో ఇద్దరి కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. నర్సింగ్ తన రెండో విడత వదిలేసుకున్నాడు. మాస్టారు కుండ బోర్లిస్తే ఏడూ గారెలే. నర్సింగ్ ఏప్రను విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి రైలు స్టేషనుకి నడిచాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు. కోపం లేదు, వెటకారం లేదు. "బాగా మాట్లాడావురా. ఏథెన్సులో అయితే నిన్ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు," అన్నారు. ఆయనకి తెలిసే అన్నారో, తెలియకే అన్నారో అడిగే ధైర్యం రాకుండానే మూడేళ్ళ కిందట ఆయన పోయారు. ఈనాటికీ ఎవరైనా నా కబుర్లు విని "భలే మాటకారివయ్యా" అంటే, లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోతాను.

నర్సింగ్, నువ్వెక్కడున్నావో తెలియదు. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం.