కళాయి పోయిన గిన్నె

పులుసన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక ముడుచుకుపోయింది. చింతపండు పులుపు కాదది, ఇత్తడి రుచి. "తినకున్రి!" అని నేను అరిచేసరికే మా చిన్నవాడు సగం కంచం ఖాళీ చేశాడు. కాసేపటికి నా ఒళ్ళోనే కక్కుకున్నాడు. దవాఖానకు పోవాలంటే పట్నం దాకా ఎడ్లబండే.

పొయ్యి మీద పాత ఇత్తడి గిన్నె ఉంది. లోపలి కళాయి పూత ఎప్పుడో అరిగిపోయింది. అంచున పచ్చటి కిలుము.

నేను మొయినాబాదు బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాకా పిల్లల్ని చూసుకోవడానికి ఆలూరు నుంచి ఒక అమ్మాయి వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. పిల్లలు ఆమెను చిన్నమ్మ అంటారు. పొద్దున జొన్నరొట్టెలు చేసే వంతు ఆమెది, రాత్రి అన్నం, పులుసు వంతు నాది. అందరం ఒకే వరసలో కూర్చుని తినేవాళ్ళం. ఆ సాయంత్రం బడి పుస్తకాలు దిద్దాలని నా వంతు ఆమె మీద పడేశాను.

"ఇషం పెట్టింది పోరి! తెల్లారంగనే ఆలూరుకు తోలియ్," అంది అత్తమ్మ.

ఆ అమ్మాయి అత్తమ్మ వైపే చూస్తూ గోడకు అతుక్కుపోయింది. "మంచి గిన్నె ముట్టొద్దని అవ్వనే అన్నది గద అక్కా. నన్ను ముట్టనిచ్చేది గిదొక్కటే."

"రుచి తెల్వలేదానే నీకు?" అన్నాను.

"నా పులుసు రోజు గిండ్లనే తీసిపెడ్తది అవ్వ. గిట్లనే ఉంటది."

ఆమె కడుపునొప్పి అని ముడుచుకుని పడుకున్నప్పుడల్లా పని ఎగ్గొడుతోందనుకున్నాను. పులుపు తగిలితే ఇత్తడి ఏమవుతుందో కాలేజీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆదివారం చర్చిలో అందరితో ఒకే రొట్టె విరుచుకు తినే ఇల్లు మాది. ఆ గిన్నె ఆమెకే ఎందుకు వేరుగా పెట్టిందో తెలిసి కూడా అత్తమ్మతో గొడవెందుకని ఊరుకున్నాను.

"ఎవ్వరు యాడికి పోరు అత్తమ్మా," అన్నాను.

"గా పోరి కోసం నా మీదికి లేస్తున్నవా?"

"లేస్తున్న."

గిన్నెను పులుసుతో సహా పెంటకుప్పలో విసిరేశాను. వాంతి ఆగేదాకా వాడి పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఈ పూట రాస్తుంటే కూడా పళ్ళు బిగుసుకుంటున్నాయి. అత్తమ్మ మీద ఎంత కోపమో, నా మీదా అంతే.

తెల్లవారి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "రాత్రి తమ్మునికి వాంతులైనయంటె అది చిన్నమ్మ తప్పు కాదు. ఆ గిన్నె సంగతి తెల్సి గూడ నేను నోరు మూసుకున్న. నాయనమ్మ అడిగితె గిట్లనే చెప్పున్రి."