రెండు ఇటుకలు దూరని కారు

"ఐదొందల గుర్రాల బలం మేస్త్రీ! అది నీ ఇటుకలకు జవాబు చెప్పాలా?"

"గుర్రానికి కాళ్లుంటాయి సార్. దీనికి ఉండేది పొట్టే దా. నేలకు రాసుకుంటా పోతాది."

నేను పనికని అంబత్తూరు కార్ల షెడ్డులోకి అడుగుపెట్టేసరికే గొడవ ముదిరింది. అరుస్తున్నవాడు బాలసుందరం. టి. నగర్‌లో వాళ్ల నాన్నకు నగల కొట్టుంది, ఈయనకు కావలసినంత తీరికుంది. అరవకుండా నిలబడ్డవాడు జనార్దనం మేస్త్రీ. ముప్పై ఏళ్లుగా ర్యాలీ పందేలకు కార్లు సిద్ధం చేస్తున్న మనిషి. కొలత టేపు ముట్టడు. రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కట్టి, కారు కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు లాగుతాడు. ఇటుకలు తగలకుండా బయటికొస్తేనే కారు మట్టిదారికి తగిందని సంతకం పెడతాడు. నేను రెండేళ్లకే వదిలేసిన ఇంజనీరింగ్ కాలేజీలో ఇంత సూటిగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

బాలసుందరం తెచ్చిన ఈ నేలబారు జిటి రేసు కారు కింద ఒక్క ఇటుకే ఇరుక్కుంది. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే దిగి, వంగి చూసి, ఏటవాలుగా ఎక్కించాల్సిన బండి! దాన్ని ఎర్రమట్టిలో ఉరికిస్తాడట.

"ఫారిన్ ర్యాలీల్లో జిటి కార్లకు ప్రత్యేకంగా ఒక క్లాసే ఉంది, తెలుసా?"

"ఉందిలే సార్. ఆడ తారు రోడ్డు మీద. మీరు పేరిచ్చింది ఈడ గుండ్రాళ్ల దారికి."

పోయిన ఆదివారం ప్రాక్టీసులో ఇదే కారుకు రాయి తగిలి ఛాంబర్, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే గిన్నె, పగిలింది. ఆయిల్ చక్రాల కిందికే కారి, కారు జారి, చింతచెట్టుకు జానెడు దూరంలో ఆగింది. చెట్టు వైపు సీట్లో కూర్చుని, రాసుకున్న మలుపులు బాలసుందరానికి చదివి చెబుతున్నవాడు గిరి, మేస్త్రీ అల్లుడు. బాలసుందరం దాన్ని 'థ్రిల్' అన్నాడు. నగల కొట్టులో పుట్టినవాడికి అద్దం పగిలినా థ్రిల్లే.

"నీ సంతకం లేకపోతే ఊళ్లో వేరే షెడ్డే లేదా?" అని బాలసుందరం కారెక్కాడు. గేటు గట్టు మీద పొట్ట కర్రుమంది. దిగి వంగి చూసుకున్నాడు. నేను పైకే నవ్వాను.

"గిరిని ఈ ర్యాలీ మానుకోమనొచ్చు కదా?" అన్నాను మేస్త్రీతో.

"చెప్పినాను పా. మామ చెప్తే వినే అల్లుడు యాడన్నా ఉన్నాడా?"

మేస్త్రీ చేతులు తుడుచుకుని, షెడ్డు పేరు అచ్చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. తన దగ్గరికొచ్చిన గిరాకీ మీదే ఫిర్యాదు రాసిన మేస్త్రీ గుమ్మం మరో డబ్బున్నవాడు తొక్కడు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"రేయ్, రెండేండ్లన్నా చదివినావు గదా. ర్యాలీ నడిపేవాళ్లకు ఇంగ్లీషులో రాసిపెట్టు. ఛాంబర్ పగిలిన సంగతి రాయి, దీన్ని మట్టి మీదికి వదలొద్దని రాయి. కింద నా పేరు వెయ్యి, పూర్తిగా. అల్లుడి కోసం ఏడుస్తున్నాడని కాగితం చింపేస్తారు, అందుకే గిరి పేరు మాత్రం యాడా రాయొద్దు."