పగడం కొరికిన చప్పుడు

మా సైన్సు మాస్టారు మొన్న మంగళవారం కన్నుమూశారు. వార్త స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. అందరికంటే ముందు పెట్టినవారు మా హెడ్మాస్టరుగారు. అది చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

ఎనిమిదో తరగతిలో నేను ఆయన దగ్గర చదువుకున్నాను. పగడపు దిబ్బల పాఠం రోజు ఆయన పుస్తకం తెరిచేవారు కాదు. కిటికీలు మూయించి, ఫ్యాను ఆపించి, "ముక్కు మూసుకోండర్రా, దిగుతున్నాం" అనేవారు. మేమంతా కళ్లు మూసుకుని బెంచీల మీద నుంచే సముద్రంలోకి దిగేవాళ్లం. "అదుగో, కుడిచేతి వైపు చిలక చేప. పగడాన్ని కొరుకుతోంది, వినండి" అంటూ జేబులోంచి జంతిక తీసి పటుక్కున కొరికేవారు. "మీరు చూశారాండీ?" అని ఒకసారి అడిగేశాను. "లేదమ్మాయ్. అంతర్వేది దాటి ఎప్పుడెళ్లాను గనక! నేను చూసేదాకా ఆగితే మీకెవరు చెబుతారే?" అన్నారు నవ్వుతూ.

ఇప్పుడు నేను అదే బడిలో సైన్సు టీచరుని. రెండేళ్ల క్రితం ఎవరో దాత మా బడికి ఒక వీఆర్ హెడ్‌సెట్ ఇచ్చారు. కళ్లకు పెట్టుకుంటే సముద్రం అడుగున నిలబడ్డట్టే ఉంటుంది, తల ఎటు తిప్పితే అటు చేపలు. అప్పటికే మాస్టారికి నీటికాసులు, చూపు తగ్గిపోతోంది. ఆ రోజే ఫోన్ చేశాను. "ముందు మీకే చూపిస్తాను, రండి మాస్టారూ" అన్నాను. మాటిచ్చింది నేనే.

పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చారు. "ఇన్‌స్పెక్షన్ అవ్వనివ్వండి మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరుగారు. మళ్లీ వచ్చారు. "మీకిస్తే పిల్లలూ అడుగుతారండి. పాడైపోతే జవాబు ఎవరు చెబుతారు?" అని పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేయించారు. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తీయని జనం మేము. సముద్రాన్నే బీరువాలో పెట్టేశాం.

అది బయటికి వచ్చింది ఒక్కసారే, దసరాకి, ఆయుధపూజలో. కంప్యూటర్ల పక్కన, ప్రొజెక్టరు పక్కన దాన్నీ పెట్టారు. గంధం గిన్నె నా చేతిలో ఉంది. కళ్లకు ఆనే ఆ లోపలి రెండు అద్దాలూ నాకు కళ్లలా కనబడ్డాయి. ఒక్కోదానికీ శుభ్రంగా గంధం, కుంకుమ పెట్టాను. సైన్సు టీచరుని, నేనే! "బాగుందండి" అన్నారందరూ. దండం పెట్టి మళ్లీ లోపల పెట్టేశాం.

ఆ తరువాత వారం మాస్టారు మూడోసారి వచ్చారు. హెడ్మాస్టరుగారు సెలవు. "తాళం నీ దగ్గరుందా అమ్మాయ్?" అని అడిగారు. పూజ రోజు నుంచీ నా బ్యాగులోనే ఉంది.

"లేదండి" అన్నాను.

ఆయన నా బ్యాగు వంక చూసి, "సరేలే, ఎండ ముదరకముందే వెళ్తాను" అన్నారు. హెడ్మాస్టరుగారి మీద నాకున్న కోపం చెప్పుకుంటే చల్లారేదే. ఈ "లేదండి" మీద ఉన్న కోపాన్ని ఏం చేసుకోను?

నిన్న సంతాప సభ. "మాస్టారు సైన్సు కోసమే బతికారండి" అని హెడ్మాస్టరుగారు మైకులో గొంతు వణికించారు. ఆ మనిషి మిమ్మల్ని అడిగింది పది నిమిషాలండీ, అని అరవాలనిపించింది. లేచి వెళ్లి బీరువా తీశాను. అద్దాల మీద గంధం ఎండి పెచ్చులు కట్టింది. తడి గుడ్డతో తుడిస్తే గంధం పోయింది, కుంకుమ ఎరుపు పోలేదు. చార్జింగ్ పెట్టి, సభ అయ్యాక ఎనిమిదో తరగతికి తీసుకెళ్లి, ముందు నేనే పెట్టుకున్నాను.

అంతా నీలం. ఆ నీలం మధ్య నేను పెట్టిన ఎర్రటి మరక. కుడిచేతి వైపు నుంచి ఒక చిలక చేప ఆ మరకలోంచే ఈదుకుంటూ వచ్చి పగడాన్ని కొరికింది.

పటుక్.

జంతిక చప్పుడే. ఆయన ఎన్నడూ చూడలేదు, వినలేదు. అయినా సరిగ్గా అదే చప్పుడు.

"ఎవరి పర్మిషన్ తీసుకున్నారండీ?" గుమ్మం దగ్గర హెడ్మాస్టరుగారి గొంతు.

నేను దాన్ని కళ్ల మీంచి తీయలేదు. ఆ మరక వెనక చేప ఇంకా కొరుకుతూనే ఉంది.

"కిటికీలు మూయండర్రా" అన్నాను పిల్లలతో. "దిగుతున్నాం."