తువ్వాల కొస

నల్లగొండ నుంచి నకిరేకల్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి గొంతు, బస్సు హారన్ పాడైతే పనికొచ్చేటట్టు ఉంది. కిటికీ దగ్గర ఆయన కూతురు, పదో తరగతి చదువుతోంది.

"బిడ్డ ఉన్నట్టుండి ఎటో పోతది సారూ. కండ్లు తెరిచే ఉంటయి, మనిషి ఉండది. దవాఖానల డాక్టరమ్మ ఇంటిల్లిపాదిని కూసోవెట్టి మాట్లాడింది. మందు మాత్రం నాకు చెప్పింది."

"ఏం మందు?"

"ఒర్రొద్దని, గట్టిగ అరవొద్దని. నాకేమో భయమైతే ఒర్రుడే వస్తది. నేనొర్రితే పిల్ల ఇంకా దూరం పోతదట."

కాసేపటికి ఆ పిల్ల చూపు నిలిచిపోయింది. పిలిస్తే పలకలేదు. బస్సులో అందరూ డాక్టర్లయ్యారు. ముందుసీటు అవ్వ ఉల్లిగడ్డ వాసన చూపించమంది, కండక్టర్ నీళ్లు చల్లమన్నాడు. ఆయన తువ్వాల కొస నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికాడు. మెడనరాలు ఉబ్బాయి. తర్వాత అది తీసి, ఆ గొంతు నుంచి వచ్చిందని నేను నమ్మలేనంత మెల్లగా అన్నాడు:

"నీ పక్కనే ఉన్న బిడ్డా. బస్సుల ఉన్నం. కాళ్లు కిందికి ఆనిచ్చు. ఏమేం కనవడ్తున్నయో చెప్పు."

మళ్లీ అదే మాట, అంతే మెల్లగా.

"సిమెంటు లారీ," అంది పిల్ల చివరికి. "బత్తాయి తోట. గీ సారు... నోరు తెరిచిండు."

మూసుకున్నాను.

"మల్ల తువ్వాల కొరికినవా బాపూ? అమ్మకు చెప్త."

"గా ఉపాయం మీ అమ్మదేనే!"

నకిరేకల్‌లో దిగేటప్పుడు దాచుకున్న గొంతంతా చిల్లర కోసం కండక్టర్ మీద వాడాడు.

మా అబ్బాయి మార్కులొచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక తువ్వాల కొస చిరుగుతుంది. ఎందుకో మా ఆవిడకు ఇంకా తెలియదు.